నకలు కారు – కట్టుటా, కొనుటా?

పేరుపొందిన స్పోర్ట్స్ కారును చూచి అచ్చంగా అటువంటిదే కావాలని ముచ్చటపడేవారు మొదట రేకు ఒంపులను గురించి ఆలోచిస్తారు. ఆలోచించవలసింది చట్రాన్ని గురించి. సిరిసిల్ల మరమగ్గం మీద ఏ అంచునైనా అనుకరించవచ్చు. పడుగు బలహీనమైతే గుడ్డ నిలవదు గదా!

నకళ్లు విరివిగా వెలసిన కార్లలో ఒకటి 1957 నాటి లోటస్ సెవెన్. దీనిని రూపొందించినవాడు ఇంగ్లండుకు చెందిన కాలిన్ చాప్మన్. విడిభాగాలుగా కొని ఇంటివద్ద బిగించుకొన్న కారుకు అక్కడ ఆనాడు కొనుగోలు పన్ను లేదు. అందుకే ఎందరో సొంతంగా కట్టుకొన్నారు. సన్నని ఉక్కు గొట్టాలను త్రిభుజాలుగా అతికిన చట్రం దానిది. నాలుగు కర్రలను చతురస్రంగా మేకులతో కూర్చి మూలను నొక్కండి, ఒరిగిపోతుంది. ఐమూలగా మరొక కర్ర వేస్తే కదలదు. తక్కువ బరువుతో ఎక్కువ బిగువు వచ్చే కిటుకు ఇదే.

అటువంటి చట్రాన్ని కోరుట్లలో నేర్పుగల వెల్డరు అతకగలడు. మరి బ్రేకులో? జగిత్యాల దారిలో గంటకు 40 కి.మీ. వేగంతో పోయే కారు బ్రేకు వేయగా 10 మీటర్లలో ఆగిందనుకొందాం. అదే బ్రేకు బలానికి 80 కి.మీ. వేగంలో 20 కాదు, 40 మీటర్లు పడుతుంది. గతిశక్తి వేగవర్గాన్ని అనుసరించి పెరుగుతుంది. చిన్నకారు బ్రేకులు ఉంచి పెద్ద ఇంజను బిగించడం అందువల్లనే ప్రమాదకరం.

చట్టం ఇంకా కఠినం. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం తయారీదారు నిర్దేశించిన రూపానికి భిన్నంగా బండిని మార్చరాదు. 2019లో సుప్రీంకోర్టు దీనినే నొక్కి చెప్పింది. కొత్త నమూనా అయితే పుణెలోని ఏఆర్ఏఐ వంటి సంస్థ పరీక్షలో నెగ్గాలి. ఒక్క కారుకోసం అంత ఖర్చు ఎవరు భరిస్తారు? కట్టే ఉత్సాహమున్న ఇంజనీరింగు విద్యార్థులకు 2007లో మొదలైన బాజా పోటీలు మేలు. కొనేవారు మాత్రం రంగును చూడకముందే చట్రం నంబరును, ఇంజను నంబరును రిజిస్ట్రేషను పత్రంతో సరిచూచుకోవాలి.