కైట్ బగ్గీ ఎక్కేముందు: ఎలా పడతామో తెలిస్తే ఏ హెల్మెట్ కావాలో తెలుస్తుంది

కైట్ బగ్గీకి ఇంజిన్ ఉండదు, బ్రేకు పెడల్ కూడా ఉండదు. మూడు చక్రాల లోహపు చట్రం, నేలకు జానెడు ఎత్తులో వేలాడే గుడ్డ సీటు, ముందు చక్రానికి రెండు పక్కలా పాదాలు ఆనించే కడ్డీలు ఉంటాయి. ఆ పాదాలతోనే బండిని మలుపుతారు. దాన్ని లాగేది ఇరవై, ముప్ఫై మీటర్ల తాళ్ల చివర ఎగిరే పెద్ద గాలిపటం. ఇంగ్లండ్‌లో జార్జ్ పోకాక్ 1826లోనే గాలిపటాలు లాగే బండికి పేటెంట్ తీసుకున్నాడు. ఇప్పటి బగ్గీకి రూపం వచ్చింది మాత్రం 1990 ప్రాంతంలో, న్యూజిలాండ్‌కు చెందిన పీటర్ లిన్ చేతుల్లో. జర్మనీలోని సెయింట్ పీటర్-ఓర్డింగ్ తీరం, డెన్మార్క్‌లోని రోమో దీవి, అమెరికాలో నెవాడా సరిహద్దున ఉన్న ఇవాన్‌పా ఎండు సరస్సు ఈ ఆటకు పేరున్న చోట్లు. గట్టి నేల మీద ఆరితేరినవాళ్లు గంటకు 100 కిలోమీటర్లు కూడా దాటిస్తారు.

కొత్తగా నేర్చుకోవాలనుకునేవాళ్లు ముందుగా అడిగేది ఏ హెల్మెట్ కొనాలని. దానికి జవాబు దొరకాలంటే ఈ బండి మీంచి మనిషి ఎలా పడతాడో తెలియాలి.

పడటం ముఖ్యంగా మూడు రకాలు. మలుపులో బగ్గీ పక్కకు జారి ఒక చక్రం లేచి బోల్తా పడటం మొదటిది. అందులో భుజం, మోచెయ్యి, తల పక్కభాగం నేలకు తగులుతాయి. రెండోది, గాలి ఒక్కసారిగా ఊపందుకుని గాలిపటం మనిషిని సీట్లోంచి ముందుకు లాగేయడం. అప్పుడు బోర్లా పడి ఈడ్చుకుపోతాం. దెబ్బ మోకాళ్లకు, అరచేతులకు, గడ్డానికి. మూడోది అన్నిటికన్నా ప్రమాదకరం. గాలిపటం నెత్తిమీదకు వచ్చిన క్షణంలో గట్టి గాలి తగిలితే మనిషిని నిలువునా పైకి ఎత్తి వదిలేస్తుంది. అప్పుడు నడుము, వెన్ను, తల వెనకభాగం నేలను తాకుతాయి.

ఇక్కడ చాలామందికి ఒక సందేహం వస్తుంది. సైకిల్ హెల్మెట్ల ఐరోపా ప్రమాణం ఈఎన్ 1078 ప్రకారం చదునైన దిమ్మె మీద చేసే పరీక్షలో దెబ్బ వేగం సెకనుకు 5.42 మీటర్లే. అంటే ఒకటిన్నర మీటరు ఎత్తు నుంచి పడినంత. గంటకు 50 కిలోమీటర్ల వేగంతో పోయేవాడికి ఇది చాలుతుందా? ఎదురుగా రాయో, గుంజో లేని చదును నేల మీద ముందుకు పోయే వేగం చాలావరకు జారడంలో ఖర్చయిపోతుంది. తల నేలను కొట్టే బలం ఎంత ఎత్తు నుంచి పడ్డామన్న దాని మీద ఎక్కువగా ఆధారపడుతుంది. బగ్గీలో కూర్చున్న మనిషి తల నేలకు మీటరు లోపే ఉంటుంది కాబట్టి మామూలు బోల్తాలకు ఆ స్థాయి హెల్మెట్ పనికొస్తుంది. గాలిపటం మూడు మీటర్ల ఎత్తుకు లేపి వదిలితే మాత్రం లెక్క మారిపోతుంది. పడే వేగం సెకనుకు ఏడున్నర మీటర్లు దాటుతుంది, దెబ్బలోని శక్తి పరీక్షలో ఉన్నదానికి రెట్టింపవుతుంది.

అలాగని మోటార్‌సైకిల్ హెల్మెట్ తెచ్చి పెట్టుకోవచ్చా? ఆ హెల్మెట్లకు ఇంతకుముందున్న ఈసీఈ 22.05 ప్రమాణంలోనే పరీక్ష వేగం సెకనుకు 7.5 మీటర్లు ఉండేది కాబట్టి రక్షణ ఎక్కువే. చిక్కు ఏమిటంటే, బగ్గీ నడిపేవాడు మాటిమాటికీ తలెత్తి గాలిపటాన్ని చూడాలి. ఫుల్‌ఫేస్ హెల్మెట్ వెనక అంచు మెడకు తగులుకుంటుంది, బరువుకు మెడ లాగేస్తుంది. గాలి మారుతున్న శబ్దం, పక్కవాళ్ల కేక చెవిన పడవు. అందుకే పారాగ్లైడింగ్ లాంటి ఆటలకు ఉద్దేశించిన ఈఎన్ 966 గుర్తున్న హెల్మెట్, లేదా కొండదారుల సైకిల్ పందేలకు వాడే, గడ్డానికి కాపు ఉన్న తేలికపాటి హెల్మెట్ నయం. ఏది కొన్నా చెవుల వెనక, మెడ పైభాగం దాకా కిందికి దిగి ఉండాలి. నడినెత్తి మీద మాత్రమే కూర్చునేది ఈ ఆటకు పనికిరాదు.

దుకాణంలో చూసుకోవాల్సింది ఇది. కనుబొమలకు రెండు వేళ్ల పైన అంచు ఉండాలి. బకిల్ పెట్టి తల గట్టిగా ఊపినా హెల్మెట్ కదలకూడదు. కుర్చీలో వెనక్కి వాలి, పైకప్పు చూసి, కళ్లమీదకు జారడంలేదని నిర్ధారించుకోవాలి. లోపల ఉండేది థర్మాకోల్ లాంటి పదార్థమైతే అది నలిగి దెబ్బను మింగుతుంది. ఒకసారి నలిగాక మళ్లీ మింగలేదు. గట్టి దెబ్బ తగిలిన హెల్మెట్ పైకి బాగానే కనిపించినా మార్చేయాలి.

తల తర్వాత చూసుకోవాల్సింది పాదాలు. స్కూటర్లకు అలవాటుపడినవాళ్లు బండి ఒరిగితే అప్రయత్నంగా కాలు కింద పెడతారు. బగ్గీలో అలా పెట్టిన కాలు వెనక్కి మడతపడి, వెనక ఇరుసు దాని మీదుగా పోతుంది. చీలమండ దాటి పైకి వచ్చే, కడ్డీ మీద జారని అడుగున్న బూట్లు వేసుకోవాలి. లేసుల కొసలు లోపలికి దోపాలి. కాళ్లు కడ్డీల మీదే ఉంచడం అభ్యాసంతోనే రావాలి.

చేతులకు అరచేతి వైపు తోలున్న గ్లవ్స్, మోచేతులకు, మోకాళ్లకు గట్టి ప్లాస్టిక్ చిప్పల ప్యాడ్లు కావాలి. చిప్ప ఉంటే నేల మీద తట్టుకోకుండా జారుతుంది. గ్లవ్స్ ఉన్నాయి కదా అని తాళ్లను పట్టుకోకూడదు. సంక్రాంతి రోజుల్లో మాంజా గొంతులు కోయడం మనం చూస్తున్నదే. నైలాన్ మాంజాను జాతీయ హరిత ట్రిబ్యునల్ 2017లో నిషేధించింది కూడా. బగ్గీ తాళ్లకు గాజుపొడి ఉండదు. కానీ సన్నగా ఉండి ఒక్కొక్కటీ వంద కిలోలకు పైగా లాగుడు తట్టుకుంటాయి, బిగిసి ఉన్నప్పుడు వేలిని కోసేస్తాయి.

ముందు చక్రం తడి ఇసుకను నేరుగా మొహం మీదకు చిమ్ముతుంది. అందుకే చుట్టూ స్పాంజి అంచున్న, పగలని ప్లాస్టిక్ అద్దాల గాగుల్స్ పెట్టుకోవాలి. వెన్నుకు మోటార్‌సైకిల్ వాళ్లు వాడే ఈఎన్ 1621-2 ప్రొటెక్టర్ సరిపోతుంది. అందులో లెవెల్ 1 అయితే పరీక్షలో సగటున 18 కిలోన్యూటన్ల వరకు, లెవెల్ 2 అయితే 9 వరకే దెబ్బను లోపలికి పోనిస్తుంది. గాలిపటాన్ని ఒంటికి తగిలించుకునే పట్టీ (హార్నెస్) తొడుక్కుని కూర్చున్నాక ప్రొటెక్టర్ పైకి తన్నుకొచ్చి హెల్మెట్‌ను ముందుకు నెట్టకుండా ఉండే పొడవు చూసి కొనాలి.

ఇవన్నీ పడ్డాక ఆదుకునేవి. పడకుండా ఆపేది గాలిపటాన్ని వదిలించే ఏర్పాటు. హ్యాండిళ్లతో ఎగరేసే గాలిపటానికి మణికట్టు పట్టీలు ఉంటాయి. హ్యాండిళ్లు వదిలేస్తే పట్టీలు గాలిపటపు బ్రేకు తాళ్లను మాత్రమే లాగి పట్టుకుంటాయి, గాలిపటం బలం కోల్పోయి కిందికి దిగుతుంది. హార్నెస్‌కు తగిలించుకునేవాళ్లయితే క్విక్ రిలీజ్‌ను చూడకుండా, ఒంటిచేత్తో లాగగలగాలి. నేల మీద నిలబడి చేయి దానంతటదే అక్కడికి పోయేదాకా సాధన చేయాలి.

గాలి వేగం గంటకు 15 నుంచి 30 కిలోమీటర్లకు పెరిగితే లాగే బలం రెండింతలు కాదు, నాలుగింతలవుతుంది. కాబట్టి డబ్బు పరిమితంగా ఉన్నవాళ్లు ముందు హెల్మెట్, మంచి రిలీజ్, బూట్లు కొనుక్కోవాలి. తర్వాత రెండో గాలిపటం, ఉన్నదానికన్నా చిన్నది. గాలి ఎక్కువున్న రోజున ఒంటిమీది ప్యాడ్లను నమ్ముకుని పెద్దది ఎగరేసే బదులు చిన్నది ఎగరేయవచ్చు. దానికి కూడా గాలి మించిపోతే ఆ రోజుకు బగ్గీ ఎక్కకపోవడమే మేలు.