మాన్‌సూన్: గాలితో వచ్చిన మాట

మృగశిర కార్తె ప్రవేశించగానే మన తొర్రూరు ప్రాంతపు రైతు ఆకాశం వంక చూస్తాడు. నైరుతి ఋతుపవనాలు ఎంతవరకు వచ్చాయని వాకబు చేస్తాడు. ఆ ఋతుపవనాన్నే ఆంగ్లంలో 'మాన్‌సూన్' అంటారు. పాఠంలో ఈ పదం తటస్థించినప్పుడు విద్యార్థులు అక్షరక్రమాన్ని పదిమార్లు వల్లించి, పరీక్ష ముగియగానే మరచిపోవడం మేము చూస్తున్నాము. పరాయి మాట అన్న జంకే ఇందుకు కారణం. కాని అది అంత పరాయిది కాదు.

అరబ్బీలో 'వసమ' అనగా గుర్తు వేయుట. దాని నుండి పుట్టిన 'మౌసిమ్' అనగా గుర్తింపబడిన కాలం. హజ్ యాత్రాకాలానికీ ఆ పేరే ఉన్నది. నావికులకు మాత్రం అది ఓడ బయలుదేరవలసిన అదను. వేసవిలో నేల సముద్రం కంటె త్వరగా వేడెక్కుతుంది. చలికాలంలో త్వరగా చల్లబడుతుంది. ప్రధానంగా అందువల్లనే అరేబియా సముద్రంపై జూన్ నుండి సెప్టెంబరు వరకు నైరుతి గాలి, శీతకాలంలో ఈశాన్యపు గాలి వీస్తాయి. తెరచాప ఓడలు ఒక గాలితో మన దేశానికి వచ్చి, మరొక గాలితో మరలిపోయేవి. అదను తప్పినవాడు నెలల తరబడి రేవులో పడి ఉండవలసినదే. ఈ మాట పోర్చుగీసువారి నోట మారి, 16వ శతాబ్ది చివర ఆంగ్లంలో ప్రవేశించింది. మన ఉర్దూలో అదే 'మౌసమ్'.

గాలిని నమ్మి ప్రయాణించేవారి ఆపద మన ఓరుగల్లు ప్రభువులకు తెలియనిది కాదు. తుఫానుకు చెదరి ఒడ్డుకు కొట్టుకువచ్చిన ఓడల సరుకును పూర్వరాజులు అపహరించేవారు. కాకతీయ గణపతిదేవుడు 1244లో కోస్తాలోని మోటుపల్లి రేవున అభయశాసనం వేయించి, న్యాయమైన సుంకం తప్ప మరేమీ తీసుకోబోమని సముద్రవర్తకులకు మాట ఇచ్చాడు.

మరొక విశేషం. అరబ్బీ మూలంలో గాలి ప్రసక్తే లేదు. కాలం మాత్రమే ఉన్నది. తెలుగులో మనం వాడే 'ఋతుపవనం' ఆ రెండింటినీ జతపరచింది. కనుక ఉర్దూ విద్యార్థి 'మౌసమ్'ను, తెలుగు విద్యార్థి 'ఋతుపవనం'ను తలచుకొంటే ఈ ఆంగ్లపదం సగం వచ్చినట్లే. మిగిలిన సగం పక్కన కూర్చున్న మిత్రుని అడిగి తెలుసుకోవచ్చు.

విద్యార్థులారా! కొత్త మాట ఎదురైనప్పుడు బెదరక, దాని ఊరూ పేరూ అడగండి. నావికుడు ఓడ విప్పడానికి చూచిన అదనూ, మీ తండ్రి విత్తనం వేయడానికి చూచే అదనూ ఆ ఒక్క మాటలోనే ఉన్నవి. అర్థమై వచ్చిన మాటను మరవడం కష్టం.