లినక్స్ స్థాపనలో హార్డ్‌వేర్ గుర్తింపు: కనబడని డిస్కు, పలకని వైఫై

కీలక పదాలు: లినక్స్, కెర్నల్, డ్రైవర్, ఫర్మ్‌వేర్, బయోస్, ఎన్‌విఎంఇ డిస్కు

ల్యాప్‌టాప్‌లో లినక్స్ స్థాపించబోయేవారికి తరచుగా రెండు చిక్కులు ఎదురవుతాయి. స్థాపన తెరపై డిస్కు కనబడదు; లేదా వైఫై జాబితా ఖాళీగా ఉంటుంది. రెండింటినీ ‘హార్డ్‌వేర్‌ను గుర్తించలేదు’ అన్న ఒకే మాటతో చెప్పుకోవడం వల్ల పరిష్కారం దారి తప్పుతుంది. పరికరం ఉనికి తెలియడం వేరు, దాన్ని నడపగలగడం వేరు. తాళపత్ర గ్రంథాల సూచికలో ప్రతి సంఖ్య కనబడినంత మాత్రాన ఆ ప్రతిని చదివినట్లు కాదు కదా!

ఈ భేదాన్ని తేల్చుకోవడానికి, డిస్కును తాకకుండా యుఎస్‌బి నుండి లినక్స్‌ను నడిపే ‘లైవ్’ పద్ధతి అనుకూలం. అందులో టెర్మినల్ తెరచి ‘ఎల్‌ఎస్‌పిసిఐ’ ఆదేశానికి హైఫన్‌తో ‘ఎన్‌ఎన్‌కె’ అక్షరాలు చేర్చి ఇస్తే, పిసిఐ మార్గంలో కెర్నల్‌కు కనబడిన పరికరాలన్నీ వరుసగా వస్తాయి. ఒక్కొక్కదానికి చదరపు కుండలీకరణాలలో రెండు గుర్తింపు సంఖ్యలు ఉంటాయి: మొదటిది తయారీదారుది, రెండవది పరికరానిది. మొదటి సంఖ్య 8086 అయితే అది ఇంటెల్. కింది పంక్తిలో ‘కెర్నల్ డ్రైవర్ ఇన్ యూజ్’ అని ఉంటే డ్రైవర్ జతపడినట్లు. ఆ పంక్తి లేకపోతే పరికరం ఉంది గాని నడిపేవారు లేరు.

వైఫై విషయంలో డ్రైవర్ ఉన్నా పని జరగకపోవచ్చు. కార్డులోకి ఎక్కించవలసిన ఫర్మ్‌వేర్ ఫైలు లోపించినప్పుడు, ‘డిఎంఇఎస్‌జి’ ఆదేశం చూపే కెర్నల్ సందేశాలలో ఆ లోపం నమోదవుతుంది. డెబియన్ సంస్థ 2022లో సభ్యుల ఓటింగు జరిపి, స్వేచ్ఛాయుతం కాని ఫర్మ్‌వేర్‌ను కూడా అధికారిక స్థాపన మాధ్యమంలో చేర్చడానికి అంగీకరించింది. 2023లో వచ్చిన డెబియన్ 12 నుండి ఇది అమలైంది. అంతకుముందు నెట్ కోసం కావలసిన ఫైలును నెట్‌లోంచే తెచ్చుకోవలసిన విచిత్రస్థితి ఉండేది. నేటికీ అటువంటి అవసరం పడితే మొబైల్‌ను తీగతో కలిపి, యుఎస్‌బి టెథరింగ్ ద్వారా పని గడుపుకోవచ్చు.

డిస్కు సమస్య ఇంతకంటే మెలికగలది. మా శాఖలోని ఒక పరిశోధకురాలి ల్యాప్‌టాప్‌లో విండోస్ చక్కగా నడుస్తున్నా లినక్స్ స్థాపన తెర మాత్రం డిస్కే లేదన్నది. ‘ఎల్‌ఎస్‌పిసిఐ’ జాబితాలోనూ డిస్కు కానరాలేదు. డిస్కు చెడిపోయిందని ఆమె భయపడ్డారు. సిద్ధాంతవ్యాసం ముసాయిదా అంతా అందులోనే ఉంది మరి. కెర్నల్ సందేశాలను వెదికితే కారణం దొరికింది. బయోస్‌లో సాటా మోడ్ ‘రెయిడ్’ స్థితిలో, అంటే ఇంటెల్ ఆర్‌ఎస్‌టి పద్ధతిలో, ఉంది. కొన్ని ల్యాప్‌టాప్‌లలో ఈ పద్ధతి ఎన్‌విఎంఇ డిస్కును సాటా నియంత్రిక వెనుక దాచివేస్తుంది. అటువంటి డిస్కు ఒకటి కనిపించిందనీ, వాడాలంటే రెయిడ్ నుండి ‘ఎహెచ్‌సిఐ’కి మారాలనీ కెర్నలే స్పష్టంగా తెలుపుతుంది.

అయితే వెంటనే మార్చివేయడం ప్రమాదకరం. ఎహెచ్‌సిఐకి సిద్ధపడని విండోస్ ఆ తరువాత బూట్ కాకపోవచ్చు. అందువల్ల ముసాయిదాను ముందుగా బయటి డిస్కులోకి ఎక్కించాము. బిట్‌లాకర్ రికవరీ కీని వ్రాసి పెట్టుకున్నాము. బయోస్ మారితే విండోస్ దాన్ని అడిగే అవకాశం ఉంది. తరువాత విండోస్ సేఫ్ మోడ్‌లో తెరుచుకునేలా అమర్చి, యంత్రాన్ని ఆపి, బయోస్‌లో మోడ్ మార్చి, సేఫ్ మోడ్‌లో ఒకసారి తెరచి, మళ్ళీ సాధారణ స్థితికి తెచ్చాము. ఈసారి లినక్స్ స్థాపన తెరపై డిస్కు కనబడింది.

విండోస్‌ను తుడిచివేస్తే ఇంత శ్రమ ఉండదని కొందరు అంటారు. తెలుగు పరిశోధకులకు ఈ సలహా సరిపడదని నా అభిప్రాయం. అను ఫాంట్లలో పేజ్‌మేకర్‌లో కూర్చిన పాత వ్యాసాలు యూనికోడ్‌లోకి మారేవరకు విండోస్ అవసరం తీరదు.

పదకొండవ తరం ఇంటెల్ ప్రాసెసర్ల నుండి అనేక ల్యాప్‌టాప్‌లలో ఈ పాత్రను ‘విఎండి’ అనే ఏర్పాటు పోషిస్తున్నది. దానికి లినక్స్ కెర్నల్‌లో డ్రైవర్ ఉన్నది గనుక, ముందు కొత్త స్థాపన మాధ్యమంతో ప్రయత్నించి, అప్పటికీ ఫలించకపోతేనే బయోస్‌ను, పై జాగ్రత్తలతోనే, ముట్టుకోవాలి. బయోస్ తెరలోనే డిస్కు పేరు లేకపోతే అది లినక్స్ సమస్య కాదు. యంత్రాన్ని మరమ్మతు చేసేవారికి చూపించాలి.