వైరము తీరిన రేవు

1942 ఏప్రిలు 6వ తేదీన జపాను విమానములు విశాఖపట్టణముపైనను, కాకినాడపైనను బాంబులు కురిపించినవి. ప్రాణనష్టము కలిగెను. జనులు మూటాముల్లె కట్టుకొని పల్లెలకు తరలిపోయిరి. ఆ యుద్ధములోనికి మనలను దింపినది బ్రిటిషు ప్రభుత్వము. ప్రజల సమ్మతి నెవ్వరును కోరలేదు. అయినను దెబ్బ తగిలినది మనకు.

పదియేండ్లు గడచినవి. 1951 సెప్టెంబరులో శాన్‌ఫ్రాన్సిస్కోలో జరిగిన సంధిసభకు స్వతంత్ర భారతదేశము పోలేదు. జపానులో విదేశ సైన్యములు నిలుచుటకు వీలిచ్చు సంధి ఆ దేశమునకు సమానగౌరవము నీయదని మన ప్రభుత్వము తలచెను. 1952 జూన్ 9వ తేదీన టోకియోలో ఉభయ దేశములును వేరుగా సంధి చేసికొన్నవి. మన దేశము నష్టపరిహారమంతయు వదలుకొన్నది. యుద్ధకాలమున ప్రభుత్వాధీనమైన జపానీయుల ఆస్తులను తిరిగి యిచ్చుట కంగీకరించినది. వర్తక, నౌకాయాన వ్యవహారములను స్నేహముతో స్థిరపరచుకొనుటకు సంప్రదింపులు జరుపవలెనని ఇరువురును ఒప్పుకొనిరి. 1958లో వర్తకపుటొడంబడిక కుదిరినది.

దెబ్బతిన్నవాడు పరిహారము వదలుకొనుట బలహీనత కాదా యని కొంద రడుగవచ్చును. 1919లో వెర్సేల్సు సంధి జర్మనీ నెత్తిన పరిహారభారము మోపెను. ఇరువదియేండ్లకే మరల యుద్ధము వచ్చెను. అట్టి బాకీ వసూలగునో లేదో గాని, పగ మాత్రము వడ్డీతో పెరుగును. కావున నాటి నిర్ణయము ఔదార్యమే కాక వివేకము కూడనని మా యభిప్రాయము.

దాని ఫలమును విశాఖపట్టణమే చూచినది. బైలదిల్లా ఇనుప ఖనిజమును జపానుకు పంపుటకు 1960లో ఒప్పందమయ్యెను. అందులకై తూర్పుకనుమలను తొలిచి కొత్తవలసనుండి కిరండూలు వరకు రైలుమార్గము వేసిరి. 1976లో వెలుపలి హార్బరు వెలసెను. బాంబులు పడిన రేవునుండియే సరకు నిండిన ఓడలు జపానుకు సాగినవి.

ఇందొక కొరతయు గలదు. మనము పంపినది ముడి ఖనిజము. అది ఉక్కుగా, యంత్రముగా మారి విలువ పెరిగినది ఆవలి యొడ్డున. ఈ గడ్డమీదనే ఉక్కు కర్మాగారము కావలెనని 1966లో ఆంధ్రులు ఉద్యమించి ప్రాణములు సైతము బలియిచ్చిరి. ఆ కర్మాగారము జాతి కంకితమగునప్పటికి 1992వ సంవత్సరము వచ్చెను.

శత్రువుపై పగను వదలుకొనుట గొప్పతనము. మిత్రునితోడి వర్తకమున మన కష్టఫలమును వదలుకొనుట గొప్పతనము కాదు. ఈ రెంటికిని గల భేదము నెరిగి ఒడంబడికలు వ్రాసికొనునప్పుడే స్నేహము చిరకాలము నిలుచును.