అసలుకు అండ నకలు

పూర్వం గ్రంథాలు తాటాకుల మీద ఉండేవి. చెదలు, తేమ, నిప్పు వాటికి శత్రువులు. ఒక గ్రంథానికి ఒకే ప్రతి ఉంటే, ఆ ప్రతితోపాటే గ్రంథమూ అంతరించేది. పలుచోట్ల నకళ్లు ఉన్నవి బతికాయి. పందొమ్మిదో శతాబ్దంలో సి.పి. బ్రౌన్ తాళపత్ర గ్రంథాలను సేకరించి, పండితుల చేత శుద్ధప్రతులు రాయించడం వల్ల ఎన్నో తెలుగు కావ్యాలు మనకు దక్కాయి.

నేడు సమాచారం కంప్యూటరు డిస్కులో ఉంటోంది. డిస్కుకు చెదలు పట్టవు. కాని అది ఒక్క క్షణంలో చెడిపోవచ్చు. ఎవరైనా పొరపాటున ఫైళ్లను చెరిపివేయవచ్చు. వైరస్ సోకవచ్చు. అందుచేత కంప్యూటరులోని సమాచారానికీ నకలు అవసరం. దీనినే బ్యాకప్ అంటారు.

ఒక ఉన్నత పాఠశాల కార్యాలయాన్ని ఉదాహరణగా తీసుకుందాం. విద్యార్థుల ప్రవేశ వివరాలు, పుట్టినతేదీలు, మార్కులు, పాత రిజిస్టర్ల చిత్రాలు అన్నీ కలిపి 100 జీబీ ఉన్నాయనుకుందాం. వాటిలో రోజూ 2 జీబీ మేరకు ఫైళ్లు మారుతుంటాయి. ఈ రోజు మారినవి కాక రేపు వేరేవి మారతాయి. 100 జీబీ నకలు తీయడానికి 50 నిమిషాలు పడుతుంది. గుమాస్తా ఏ పద్ధతిలో నకలు తీయాలి?

మొదటిది పూర్తి నకలు, అంటే ఫుల్ బ్యాకప్. ఏమి మారిందో చూడకుండా, ప్రతి సాయంత్రం మొత్తం సమాచారాన్ని మరొక డిస్కులోకి ఎక్కించాలి. ఏడు రోజులకు 700 జీబీ చోటు, 350 నిమిషాల కాలం కావాలి. అయితే డిస్కు చెడిన రోజున పని సులువు. చివరి నకలు ఒక్కటి చాలు.

రెండవది తేడా నకలు, అంటే డిఫరెన్షియల్ బ్యాకప్. ఆదివారం పూర్తి నకలు తీయాలి. సోమవారం నుంచి శనివారం వరకు, ఆదివారం తర్వాత మారిన ఫైళ్లను మాత్రమే తీయాలి. సోమవారం 2 జీబీ, మంగళవారం 4, బుధవారం 6, ఇలా శనివారానికి 12 జీబీ అవుతుంది. వారానికి మొత్తం 142 జీబీ, 71 నిమిషాలు.

ఏ ఫైలు మారిందో కంప్యూటరుకు ఎలా తెలుస్తుంది? విండోస్ వంటి వ్యవస్థలలో ఫైలు మారగానే దానికి ఒక గుర్తు పడుతుంది. పూర్తి నకలు తీసినప్పుడు ఆ గుర్తు తొలగుతుంది. తేడా నకలు తీసినప్పుడు తొలగదు. అందువల్లనే తేడా నకలు రోజురోజుకూ పెరుగుతుంది.

గురువారం ఉదయం డిస్కు చెడిపోయిందనుకుందాం. తేడా పద్ధతిలో మొదట ఆదివారపు పూర్తి నకలును, తర్వాత బుధవారపు తేడా నకలును ఎక్కించాలి. సోమ, మంగళవారాల మార్పులన్నీ బుధవారపు నకలులోనే ఉన్నాయి. మొత్తం 53 నిమిషాలు చాలు. రోజూ పూర్తి నకలు తీసి ఉంటే 50 నిమిషాలు. తేడా మూడు నిమిషాలే.

అట్లని తేడా నకలు అన్నివిధాలా మేలని చెప్పలేం. ఆదివారపు నకలు చెడితే తర్వాతి ఆరు నకళ్లూ కలిసినా సమాచారం మొత్తం తిరిగి రాదు. పూర్తి నకలు పునాది; తేడా నకలు దానిపై లేచిన గోడ. కాబట్టి కొత్త పూర్తి నకలు సరిగా వచ్చిందని తేలేవరకు పాతదానిని చెరపకూడదు. పూర్తి నకలును నెలల తరబడి తీయకపోతే, తేడా నకలే దానంత పెద్దదవుతుంది. సమాచారం కొద్దిగా ఉన్నచోట రోజూ పూర్తి నకలు తీయడమే సులభం. సమాచారం ఎక్కువగా ఉండి, రోజూ మారేది కొంచెమే అయినచోట తేడా నకలు మేలు.

పద్ధతి ఏదైనా నకలును పరీక్షించి చూడాలి. 1998లో అమెరికాలోని పిక్సార్ సంస్థలో ‘టాయ్ స్టోరీ 2’ అనే యానిమేషన్ చిత్రం తయారవుతుండగా, ఒక పొరపాటు ఆదేశం వల్ల ఫైళ్లు చాలావరకు చెరిగిపోయాయి. బ్యాకప్ సరిగా పనిచేయడం లేదని అప్పుడు గాని తెలియలేదు. సాంకేతిక విభాగపు బాధ్యురాలు ఇంటివద్ద పని చేసుకోవడానికి ఉంచుకున్న నకలే ఆ చిత్రాన్ని కాపాడింది. అప్పుడప్పుడు నకలు నుంచి కొన్ని ఫైళ్లను తెరిచి చూడాలనీ, ఒక నకలును వేరొక చోట ఉంచాలనీ ఈ సంఘటన తెలుపుతోంది.

పదేళ్ల తర్వాత ఒక పూర్వవిద్యార్థి ఉద్యోగం కోసం తన పుట్టినతేదీ ధ్రువపత్రం అడగడానికి పాఠశాలకు వస్తాడు. గుమాస్తా ఏ పద్ధతిలో నకలు తీశాడో అతనికి తెలియదు. తన వివరం దొరికితే చాలు. సాయంత్రం గుమాస్తా వెచ్చించే ఆ కొద్ది నిమిషాలు అతని కోసమే.