బూడిద నుంచి జియోలైట్

తమ్ముళ్లూ! మన హాస్టల్ బోరు నీళ్లలో చొక్కాకు సబ్బు ఎంత రుద్దినా నురగ రాదని మీకు కొత్తగా చెప్పనక్కరలేదు. ఆ నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువ. సబ్బు వాటితో కలిసి తెల్లటి తెట్టుగా విరిగిపోతుంది. ఆ కాల్షియాన్ని పట్టుకునే పదార్థాన్ని బూడిద నుంచి చేయవచ్చని మేము పీజీ కెమిస్ట్రీలో నేర్చుకున్నాం. "ఇంత చదివి బూడిద మీద పడ్డవా బిడ్డా?" అని ఇంట్లో నవ్వారు. అమ్మకు తెలిసిన బూడిద బోళ్లు తోమే పొయ్యి బూడిద. మేము చెప్పేది వేరు.

మన కొండగట్టుకు తూర్పున రామగుండం ఉంది. అక్కడి ఎన్.టి.పి.సి. కేంద్రంలో 1983 నుంచి సింగరేణి బొగ్గుతో కరెంటు తీస్తున్నారు. మన దేశపు బొగ్గులో సుమారు 30 నుంచి 45 శాతం బూడిదే. పది లారీల బొగ్గు కాలిస్తే మూడు నాలుగు లారీలు బూడిదగా మిగులుతుందన్నమాట. అందులో చాలా భాగం పొగతోపాటు ఎగిరే సన్నటి ఫ్లైయాష్. దాన్ని గొట్టానికి చేరకముందే యంత్రాలతో పట్టుకుంటారు. సిమెంటుకు, ఇటుకలకు, రోడ్లకు వాడతారు. బూడిద మొత్తాన్నీ వినియోగించాలని కేంద్రం 2021 డిసెంబరు 31న నోటిఫికేషన్ ఇచ్చింది.

ఈ బూడిదలో ముఖ్యంగా ఉండేవి సిలికా, అల్యూమినా. జియోలైట్‌కు కావలసినవీ అవే. 1756లో స్వీడన్‌కు చెందిన క్రాన్‌స్టెట్ ఒక ఖనిజాన్ని వేడిచేస్తే నీరు ఉడుకుతున్నట్టు పొంగింది. అందుకే 'ఉడికే రాయి' అనే అర్థంలో ఆ పేరు పెట్టాడు. దాని లోపలంతా జల్లెడ లాంటి రంధ్రాలు. అల్యూమినియం ఉన్న ప్రతిచోటా ఒక రుణావేశం, దాన్ని సరిచేయడానికి ఒక సోడియం అయాన్ ఉంటాయి. బోరు నీళ్లు తగిలితే రెండు సోడియంలు బయటికి వచ్చి, ఒక కాల్షియం లోపలికి వెళుతుంది. నీరు మెత్తబడుతుంది. ఉప్పునీటితో కడిగితే మళ్లీ పనికొస్తుంది. బట్టల పౌడర్లలో ఫాస్ఫేట్లకు బదులు వేసేది ఈ జాతిదే. ఫాస్ఫేట్లు చెరువులో చేరితే గుర్రపుడెక్క ఎంత బలుస్తుందో మనం చూసినదే.

ఫ్లైయాష్ నుంచి దీన్ని చేయవచ్చని 1985లో జర్మనీలో హోలర్, విర్షింగ్ చూపించారు. బూడిదను కాస్టిక్ సోడాతో కలిపి సుమారు 550 డిగ్రీల దగ్గర కాలుస్తారు. చల్లారాక పొడిచేసి, నీటిలో కలిపి, చాలాసేపు తిప్పి, 90-100 డిగ్రీల వేడిలో కొన్ని గంటలు ఉంచుతారు. అడుగున స్ఫటికాలు చేరతాయి. చదవడానికి తేలికే. మొదటిసారి మేము ఎక్కువసేపు ఉంచేశాం, జియోలైట్-ఎ కాస్తా సోడలైట్‌గా మారిపోయింది. దాని రంధ్రాలు మరీ చిన్నవి, నీటిని మెత్తబరచడానికి పనికిరాదు. కంటికి మాత్రం రెండూ ఒకే బూడిద రంగు పొడి! ఎక్స్-రే పరీక్షలో గానీ తేడా తెలియలేదు. ఆ రోజు 'బూడిదలో పోసిన పన్నీరు' అంటే ఏమిటో బాగా అర్థమైంది.

ఇంత ఉపయోగం ఉంటే రామగుండం బూడిదంతా జియోలైట్ చేయరాదా అని మీరు అడగవచ్చు. కాస్టిక్ సోడాకు, వేడికి ఖర్చవుతుంది. మిగిలిన క్షారపు నీటిని పారబోస్తే ఇంకో కాలుష్యం, కాబట్టి తిరిగి వాడుకోవాలి. బూడిద గుట్టలు తరగడానికి ఇటుకలే దిక్కని మా అభిప్రాయం. ఇంకో సంగతి, ఇది ఫ్లోరైడ్‌ను తీయదు. జియోలైట్ పట్టేది ధనావేశం ఉన్నవాటిని, ఫ్లోరైడ్‌ది రుణావేశం.

దసరా సెలవులకు వచ్చినప్పుడు ఒక పొట్లం తెస్తాం. రెండు గ్లాసుల్లో బోరు నీళ్లు పట్టి, ఒకదానిలో చెంచాడు వేసి కలపండి. కొంతసేపు ఆగి వడగట్టి, రెండింటిలోనూ సబ్బు వేసి నురగ చూడండి. ఆ నీళ్లు తాగవద్దు. బొగ్గు బూడిదలోని లోహాలు కొద్దిగా మిగిలి ఉండవచ్చు.