కేంద్ర పన్ను రాయితీలు, ద్రవ్యలోటు, రూపాయి క్షీణత: రాష్ట్ర ఖజానాపై ప్రభావం

ప్రపంచ ఆర్థిక మాంద్యం దృష్ట్యా కేంద్ర ప్రభుత్వం 2008 డిసెంబరులో ఎక్సైజ్ సుంకం రేట్లను 4 శాతం పాయింట్ల మేర తగ్గించింది. 2009 ఫిబ్రవరిలో సేవా పన్నును 12 నుంచి 10 శాతానికి కుదించింది. పరిశ్రమలకు ఈ ఊరట అవసరమే. అయితే 2008-09లో స్థూల దేశీయోత్పత్తిలో 2.5 శాతంగా అంచనా వేసిన కేంద్ర ద్రవ్యలోటు 6 శాతానికి చేరింది. రైతు రుణమాఫీ, ఎరువుల సబ్సిడీ, వేతన సవరణలు కూడా ఇందుకు కారణమయ్యాయి.

2008 ఆరంభంలో 40 రూపాయలలోపున్న డాలరు 2009 మార్చిలో 51 దాటింది. దీనిని లోటుకే ఆపాదించడం సమంజసం కాదు. విదేశీ సంస్థాగత మదుపుదారులు నిధులను ఉపసంహరించుకోవడమే ప్రధాన కారణం; పెరిగిన లోటు వారి సందేహాలకు తోడయింది.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌పై భారం రెండు మార్గాల్లో పడింది. 12వ ఆర్థిక సంఘం సిఫారసు ప్రకారం పంపిణీ చేయదగిన కేంద్ర పన్నుల్లో 30.5 శాతం రాష్ట్రాలది; అందులో మన వాటా సుమారు 7.36 శాతం. అంటే కేంద్రం వదులుకున్న ప్రతి 100 కోట్ల ఎక్సైజ్ రాబడికి రాష్ట్రం దాదాపు 2.24 కోట్లు కోల్పోయింది.

రెండవది అంతగా వార్తలకెక్కనిది. 2005 ఏప్రిల్ నుంచి కొత్త విదేశీ సహాయ పథకాల రుణాలు అవే షరతులతో రాష్ట్రాలకు బదిలీ అవుతున్నాయి. అంతకుముందు కేంద్రం భరించిన మారకపు నష్టం అప్పటి నుంచి రాష్ట్రానిదే. డాలరు 40 రూపాయలున్నప్పుడు 10 లక్షల డాలర్ల వాయిదాకు 4 కోట్లు సరిపోతాయి. 51కి చేరితే అదే వాయిదాకు 5.10 కోట్లు కావాలి.